రైఫిల్‌లో లోపం

ముందే చెప్పేస్తున్నాను, నా రైఫిల్‌తో నేను పిట్టనైనా కొట్టలేదు. నాకు రైఫిల్ ఉందన్న మాట విన్న చుట్టాలు ముందు ఉలిక్కిపడతారు, తరవాత నవ్వుతారు, ఆ తరవాత మా ఆయన వైపు జాలిగా చూస్తారు. యాభై రెండేళ్ల ఆడమనిషి, అయిదడుగుల ఒక్క అంగుళం, గురువారం సాయంత్రం డ్యూటీ దిగగానే ఈ ఇంగ్లీషు దేశంలో స్టీవెనేజ్ అనే ఊరి చివర ఒక ఇటుకల షెడ్డులోకి పోయి, చాప మీద బోర్లా పడుకుని, పాతిక గజాల అవతల కాగితం మీదున్న పది నల్ల చుక్కల్ని ఒక్కో తూటాతో కొడుతుందంటే ఎవరికైనా నవ్వొస్తుంది మరి. చుక్కకి పది మార్కులు, మొత్తం వంద. అంతే ఆట.

ఈ పిచ్చి ఇక్కడ పట్టింది కాదు. గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీ క్యాడెట్లకి ఏడాదికోసారి ఇదే రకం చిన్న రైఫిల్ ఇచ్చి, మనిషికి అయిదు తూటాలు లెక్కపెట్టి ఇచ్చేవాళ్లు. నావి అయిదూ ఒక్కచోటే పడ్డాయి. మాకు నేర్పించే సుబేదారుగారు ఆ కాగితం మడిచి నా చేతికిచ్చి, "అమ్మాయ్, నీ చెయ్యి కదలదు" అన్నాడు. అంతవరకూ నన్ను ఎవరూ దేనికీ మెచ్చుకున్న పాపాన పోలేదు. ఆ మాట నెత్తికెక్కి కూర్చుంది. పెళ్లయి, ఈ దేశం వచ్చి, పిల్లని పెంచి యూనివర్సిటీకి పంపి, ఇల్లు ఖాళీ అయ్యాక మళ్లీ బయటికి తీశాను దాన్ని.

ఉద్యోగం కూడా అలాంటిదే దొరికింది. విమానాల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో తనిఖీ నా పని. తయారైన ముక్క నా బల్ల మీదకొస్తుంది. కొలుస్తాను. సరిపోతే పచ్చ చీటీ, వెంట్రుకవాసి తేడా ఉన్నా ఎర్ర చీటీ. ఇరవై ఏళ్లుగా ఎర్ర చీటీలు వేస్తున్నదాన్ని కాబట్టి క్యాంటీన్‌లో నా పక్క కుర్చీ తరచు ఖాళీగానే ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లకి మొదటివారం నేనే పాఠం చెబుతాను. కొలతలు పొంతన కుదరకపోతే ముక్కని తిట్టకండి, అదే ముక్క, అదే పరికరం ముగ్గురు మనుషులకిచ్చి కొలిపించండి అని. అప్పుడు తేలుతుంది, లోపం ముక్కలో ఉందా, పరికరంలో ఉందా, మనిషిలో ఉందా అని. ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు. ఆ గర్వం నాకు ఉండేది, దాచడమెందుకు.

రైఫిల్ క్లబ్బులోనే సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. అమ్మినాయన మా క్లబ్బుకి పెద్దదిక్కు, రిటైరైన టూల్‌మేకర్, డెబ్బై దాటినవాడు, మాట పొదుపు. ఇక్కడ తుపాకి అమ్మితే, అమ్మినవాళ్లే కొన్నవాళ్ల తుపాకి లైసెన్సు సర్టిఫికెట్ మీద స్వయంగా రాసి సంతకం పెట్టాలి, ఏ రకం, ఏ సైజు, ఏ నంబరు అని. పెద్దాయన కళ్లజోడు లేకుండా రాశాడు. ఒక్కో అక్షరం ఏనుగంత. గడి దాటి, పక్క గడి దాటి, అంచుమీదకి పాకింది. ఆయన ఎదురుగా ఏమీ అనలేదుగానీ ఇంటికొచ్చి మా ఆయన దగ్గర ఒంటికాలి మీద లేచాను, గడి ఉన్నది ఎందుకు, దాంట్లో రాయడానికి కాదా అని.

ఆ రైఫిల్‌కి ఉన్న స్టాక్, అంటే భుజానికి ఆనించే చెక్క, ఆరడుగుల మనిషి కోసం చేసింది. భుజానికి ఆనిస్తే కన్ను అందేది కాదు, కన్ను అందితే మెడ పట్టేసేది. దాన్ని తీసేసి, ఎటు కావాలంటే అటు జరుపుకునే అల్యూమినియం స్టాక్ పెట్టించుకున్నాను. చెంప ఆనే దగ్గర, భుజం ఆనే దగ్గర, ఎడమచెయ్యి ఆపే దగ్గర, అన్నిటికీ మరలు. నా ఒంటికి తగ్గట్టు సరిచేసుకోవడానికి నెల పట్టింది. ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. ఈ దేశంలో నా కొలతకి కుదిరిన వస్తువు అదొక్కటే అనిపించేది. తొంభై ఏడు, తొంభై ఎనిమిది వచ్చేవి. ఒకసారి తొంభై తొమ్మిది. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించాను.

తరవాత మొదలైంది ఆ కుడివైపు తూటా.

తొమ్మిది తూటాలు నడుమ పడేవి, ఒకటి మాత్రం కుడివైపు దిగువకి పోయేది. మొదట నెలకొకసారి. తరవాత కాగితానికొకటి. తరవాత రెండు. మా జిల్లా జట్టులో చోటు కోసం ఏటా అర్హత స్కోర్లు పంపాలి. నలుగురిని తీసుకుంటారు, నేను అయిదో పేరు. ఆ నాలుగో చోటు నాకెంత కావాలో ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా అదేదో సరదా అన్నట్టే చెప్పాను.

నేను తనిఖీదాన్ని కదా, పద్ధతిగా పోయాను. నోటుబుక్కులో ఒక పక్క మార్చిన భాగం, ఒక పక్క స్కోరు. మొదట లోపం వెనకవైపు సైట్‌ది అన్నాను, కన్ను పెట్టి చూసే ఆ చిన్న రంధ్రం. కొత్తది పెట్టించాను, రంధ్రం పెద్దదీ చిన్నదీ చేసుకునే రకం. వారం బాగుంది, మళ్లీ కుడివైపు. తరవాత బ్యారెల్ అరిగిందన్నాను. బ్యారెల్ మార్చాలంటే పోలీసు లైసెన్సింగ్ ఆఫీసుకి రాయాలి, వాళ్ల అనుమతి రావాలి, తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కి తీరిక దొరకాలి. తల ప్రాణం తోకకొచ్చింది. కొత్త బ్యారెల్ వచ్చింది. కుడివైపు తూటా కూడా దాంతోపాటే వచ్చింది.

ఇక ట్రిగ్గర్ అన్నాను. ట్రిగ్గర్‌ల గురించి నేను చదివినంత మా పిల్ల తన పరీక్షలకి చదివి ఉండదు. నా వేలు దాని మీద ఆనీ ఆనకముందే పేలిపోతోంది, కాబట్టి కాస్త బరువైనది కావాలి, మొదట ఇంత దూరం జారి ఒకచోట ఆగాలి, అక్కడ నేను ఊపిరి బిగబట్టుకుని ఆలోచించుకోవాలి, అప్పుడు పేలాలి. ఒక ఆదివారం పొయ్యి పక్కన లాప్‌టాప్ పెట్టుకుని రెండు ట్రిగ్గర్‌ల మధ్య తేల్చుకోలేక చస్తున్నాను. మా ఆయన పైనుంచి మెట్లు దిగి పరిగెత్తుకొచ్చి పొయ్యి కట్టేశాడు.

"పోపు మాడి బొగ్గయింది. వాసన రావట్లేదా నీకు?"

జలుబు అన్నాను. అప్పటికి ఏడాదిగా అదే జలుబు. ఆయన లాప్‌టాప్‌లోకి తొంగిచూసి, పెళ్లిచూపులకి వచ్చినప్పుడు ఇందులో సగం పరీక్ష పెట్టినా నేను ఫెయిలయ్యేవాణ్ణి అన్నాడు. ఇప్పటికీ పాసయ్యారని ఎవరన్నారు అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ మాడిన గిన్నె రెండ్రోజులు నానబెట్టినా వదల్లేదు.

ట్రిగ్గర్ వచ్చింది. పెద్దాయనే బిగించాడు. దాని బరువు మూడుసార్లు మార్పించాను. ఒకటి ఎక్కువంటాను, ఒకటి తక్కువంటాను, ఆయన విసుక్కోకుండా మర తిప్పుతూనే ఉన్నాడు. ఒకరోజు ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టి, రైఫిల్‌ని నేను ఒకసారి కాల్చి చూడనా అని అడిగాడు. వద్దన్నాను. మొహం మీదే వద్దన్నాను. మీరు పొడుగు, మీకు తగ్గట్టు మరలన్నీ జరిపితే నా కొలతలు పోతాయి, నెల కష్టం అన్నాను. నిజమే అది. కానీ అసలు కారణం అది కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆయన సరే అని టీ పెట్టుకోవడానికి పోయాడు.

తరవాత తూటాల మీద పడ్డాను. ఒక్కో బ్యారెల్‌కి ఒక్కో తయారీ తూటా నచ్చుతుందంటారు. ఏ డబ్బా తూటా కుదురుతుందో చూడ్డానికి పరీక్షించే చోట్లుంటాయి. అక్కడ రైఫిల్ స్టాక్ ఊడదీసి, బ్యారెల్ ఉన్న ఇనుప భాగాన్ని కాంక్రీటు దిమ్మకి బిగించిన పట్టులో పెట్టి, మనిషి భుజం, మనిషి చెంప ఏదీ తగలకుండా కాలుస్తారు. సెలవు పెట్టి, మా ఆయన కారు నడుపుతుంటే పోయాం. మొదటి డబ్బా, పది తూటాలు, ఒక్క రంధ్రం. రెండో డబ్బా, ఒక్క రంధ్రం, కాస్త పెద్దది. మూడోది మళ్లీ చిన్నది. అక్కడి కుర్రాయన కంప్యూటర్ తెర నా వైపు తిప్పి, చాలా మంచి బ్యారెల్ అని నిజంగా సంబరపడ్డాడు. నేను నా తూటా కోసం వెతికాను. కుడివైపు దిగువన తెల్లగా, ఖాళీగా ఉంది తెర.

వచ్చే దారిలో మా ఆయన అడిగాడు, ఏమైంది, బాగుందన్నాడుగా, మొహం అలా పెట్టావేం అని. స్టాక్ లేకుండా కాల్చారు కదా, లోపం స్టాక్‌లో ఉందన్నమాట అన్నాను. ఎంత ఆశో చూడండి మనిషికి. ఇనుము స్టాక్‌లో కూర్చునే చోట సందు ఉంటే రైఫిల్ కదులుతుంది, అక్కడ రెసిన్ జిగురు పోసి గట్టిచేస్తారు. అది కూడా చేయించాను. ఆ వారం నా స్కోరు ఎనభై తొమ్మిది.

పెద్దాయన ఈసారి అడగలేదు. నా పక్కన చాప మీద పడుకున్నాడు, అంత వయసులో, మోకాళ్లు ఒకటొకటే వంచి. ఒక్క మర కూడా ముట్టుకోలేదు. నా పొట్టి కొలతల్లో ఆ పొడుగు మనిషి ముడుచుకుని, మెడ వంకర పెట్టుకుని, పది చుక్కల్నీ పది తూటాలతో కొట్టాడు. తొంభై తొమ్మిది. తెచ్చి నా చేతిలో పెట్టాడు కాగితం. చాలాసేపు నా చేతివైపే చూశాడు, ఆ కాగితం అంచు అదరడం చూశాడు. అప్పుడు మెల్లగా అన్నాడు, "మార్చడానికి ఇందులో ఇంకేమీ మిగల్లేదమ్మా." ఆయన అన్నది ఇంగ్లీషులోనే. నాకు మాత్రం తెలుగులోనే వినిపించింది.

కోపం వచ్చింది. ఆయన మీద, రైఫిల్ మీద, మా గుంటూరు సుబేదారు మీద. మర్నాడు ఫ్యాక్టరీలో మధ్యాహ్నం ఎవరూ లేని గంటలో నేను పాఠం చెప్పే పని నాకే పెట్టుకున్నాను. ఒక ముక్క, వెంట్రుకవాసి కూడా కొలిచే ఒక మైక్రోమీటర్. నాతో పనిచేసే ఇద్దరు కొలిచిన అంకెలు ముందే రాసి ఉన్నాయి. వాటి కింద నా అంకెలు రాశాను, పదిసార్లు కొలిచి. వాళ్ల పదేసి అంకెలూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. నావి ఎటుపడితే అటు పోయాయి. ఆ కాగితం చింపి బుట్టలో వేయలేదు, మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. తనిఖీ కాగితం చించకూడదు.

ఆ సాయంత్రం నోటుబుక్కు మొదటి పేజీనుంచి తిరగేశాను, లోపం ఎక్కడ మొదలైందో చూద్దామని. స్కోర్లు చూడాల్సినదాన్ని అక్షరాలు చూశాను. మొదటి పేజీలో నా గుండ్రటి అక్షరాలు, గీతకీ గీతకీ మధ్య నిండుగా. సైట్ మార్చిన పేజీలో కాస్త చిన్నవి. బ్యారెల్ దగ్గరికి వచ్చేసరికి సగం. ట్రిగ్గర్ పేజీల్లో ఒక్కో మాట చివరికొచ్చేసరికి నలకలా అయిపోయింది. రెండేళ్లపాటు నేనే రాశాను, నా కళ్లతోనే చూశాను, ఒక్కసారి కూడా నాకు కనబడలేదు. అప్పుడు ఏడ్చాను. మా ఆయనకి బుక్కు ఇచ్చాను. ఆయన పేజీలు తిప్పి తిప్పి, చివరి పేజీ దగ్గర వేలు పెట్టి, వచ్చి పక్కన కూర్చున్నాడు.

మా పేట డాక్టరు, ఇక్కడి మాటలో జీపీ, దగ్గరికి పోయాను. ఆవిడ నన్ను ఆసుపత్రికి రాసింది. పిలుపు రావడానికి నెలలు పట్టింది. న్యూరాలజీ డాక్టరు వరంగల్ ఆయన. పేరు చూడగానే తెలుగులో మొదలుపెట్టాడు. ఇంగ్లీషులో అయితే ఏదో ఒకటి దబాయించేదాన్నేమో. తెలుగులో ఎక్కడికి పోను.

"ఎప్పటి సంది ఉంది మేడం ఈ వణుకు?"

"ట్రిగ్గర్ మార్చకముందు నుంచే" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది, ఆ జవాబు నా దగ్గర రెండేళ్లుగా సిద్ధంగా ఉందని. వాసన తెలుస్తోందా అని అడిగాడు. పోపు సంగతి మా ఆయన చెప్పాడు. నడిపించాడు, కుడిచెయ్యి ఊగట్లేదన్నాడు. వేళ్లు ఆడించమన్నాడు. కాగితం ఇచ్చి ఏదైనా ఒక వాక్యం రాయమన్నాడు. బయట వాన పడుతోందని రాశాను. మొదటి మాట మామూలుగానే ఉంది. చివరి మాట నేనే చదవలేకపోయాను. పార్కిన్సన్స్ అన్నాడు, వణుకూ, వాసన పోవడమూ, అక్షరాలు చిన్నబడడమూ అన్నీ ఆ జబ్బు గుర్తులేనట. మాత్రలున్నాయి, చానా ఏండ్లు మంచిగనే ఉండొచ్చు అన్నాడు. మంచివాడే. నా చెయ్యి ఆయన చేతిలో ఉంది, అది ఆయన చెప్పేదేదీ వినకుండా దాని పని అది చేసుకుంటోంది. నీ చెయ్యి కదలదు అన్న మాట గుర్తొచ్చి మొహం పక్కకి తిప్పుకున్నాను.

లైసెన్సింగ్ ఆఫీసుకి నేనే రాశాను. చెప్పాల్సిన జబ్బుల్లో అదొకటి. వాళ్లు వెంటనే తీసేసుకోలేదు, డాక్టరు రిపోర్టు చూసి చెబుతాం అన్నారు. మా ఆయన ఆ మాట పట్టుకున్నాడు, మాత్రలు వేసుకుని చూడు, ఇంకో నాలుగు నెలలు చూడు అని. చూశాను. మాత్రలతో చెంచా కాస్త కుదురుగా నోటికి వస్తుంది. తూటాకి ఆ కుదురు చాలదు. నలుగురి పక్కన పడుకుని ఎటు పోతుందో తెలియని తూటా వదలడానికి నా మనసు ఒప్పలేదు. ఫ్యాక్టరీలో కూడా కొలిచే బల్ల దగ్గరనుంచి కాగితాల బల్లకి మారాను. నేనే అడిగాను. జట్టులో నాలుగో చోటు ఎవరికి వచ్చిందో కనుక్కోలేదు.

రైఫిల్ కొనడానికి లీసెస్టర్ నుంచి ఒకమ్మాయి వచ్చింది, అక్కడ నర్సు, పాతికేళ్లుంటాయి. మా క్లబ్బు షెడ్డులోనే కలిశాం, పెద్దాయన కూడా ఉన్నాడు. స్టాక్ మరలు రెండు నిమిషాల్లో వదులుచేసి, తన పొడుగుకి జరుపుకుంది. నా నెల కష్టం. పడుకుని అయిదు తూటాలు కాల్చింది. నేను కాగితం వైపు చూడలేదు, ఆ అమ్మాయి చేతివైపు చూశాను. నా నోటిదాకా సుబేదారుగారి మాట వచ్చింది. మింగేశాను. అది ఒకసారి నెత్తికెక్కితే ఏం చేస్తుందో నాకు తెలుసు.

లేచి చాప దులిపి అడిగింది, ఇన్ని భాగాలు మార్చారు కదా, దీంట్లో ఏదైనా లోపం ఉందా, ఉంటే ఇప్పుడే చెప్పండి అని. పెద్దాయన గోడకున్న బోర్డు చదువుతున్నట్టు అటు తిరిగాడు.

"ఏ లోపమూ లేదు" అన్నాను. "ప్రతి భాగం నేనే తనిఖీ చేశాను."

తన సర్టిఫికెట్ తీసి బల్ల మీద పెట్టింది. అమ్మేదాన్ని నేను కాబట్టి నేనే రాయాలి. కుడిచేతి మణికట్టుని ఎడమచేత్తో నొక్కి పట్టుకుని రాశాను, రకం, సైజు, నంబరు, తేదీ, సంతకం. చాలాసేపు పట్టింది. ఆ అమ్మాయి ఓపిగ్గా నిలబడింది. సర్టిఫికెట్ చేతికి తీసుకుని దగ్గరగా పెట్టుకుని చూసి, నవ్వింది. ఇంతకుముందు రాసినవాళ్లంతా గడి దాటి రాశారట, ఇంత పొందికగా, ఇంకా చోటు మిగిలేట్టు ఎవరూ రాయలేదట.

థాంక్యూ అన్నాను.